పాఠం 12: నీటి హీటరు మార్చాలంటే ఖర్చెంత?

12.1 ఉపోద్ఘాతం

కోల్‌కతాలో చలికాలం పొడవు తక్కువ. డిసెంబరు, జనవరి నెలల్లో తెల్లవారుజామున చలి గట్టిగానే ఉంటుంది. ఫిబ్రవరి చివరికి మళ్లీ ఫంకాలు తిరుగుతాయి. ఏడాదిలో సుమారు 90 రోజులు మాత్రమే స్నానానికి వేడి నీళ్లు కావాలనిపిస్తుంది. సరిగ్గా ఆ రోజుల్లోనే స్నానాల గదిలోని నీటి హీటరు, అంటే మనం గీజరు అని పిలుచుకునే పరికరం, పాడయిందని బయటపడుతుంది. తొమ్మిది నెలలు వాడకుండా ఉంచిన వస్తువు కదా!

గీజరు అనే మాట ఐస్‌లాండ్ దేశంలోని ఒక వేడి నీటి ఊట పేరు నుంచి వచ్చింది. పశ్చిమ బెంగాల్‌లోని బీర్భూమ్ జిల్లా బక్రేశ్వర్‌లోనూ వేడి నీటి ఊటలున్నాయి. ప్రకృతి ఇచ్చే వేడి నీటికి ఖర్చు లేదు. ఇంట్లో కాచుకునే నీటికి మాత్రం లెక్క ఉంది.

ఈ పాఠంలో ఒక కుటుంబాన్ని ఉదాహరణగా తీసుకుందాం. ఆగ్నేయ రైల్వే ప్రధాన కార్యాలయం ఉన్న గార్డెన్ రీచ్ ప్రాంతంలో ఒక తెలుగు కుటుంబం అద్దె ఇంట్లో ఉంటోందనుకోండి. ఇంట్లో నలుగురు. వాళ్ల 15 లీటర్ల గీజరు పనిచేయడం లేదు. చూడటానికి వచ్చిన మిస్త్రీ "ఇది పోయింది, కొత్తది కొనండి" అన్నాడు. కొనాలా? బాగు చేయించాలా? కొంటే చేతి నుంచి పోయేది ఎంత? ఈ ప్రశ్నలకు జవాబు మిస్త్రీ మాటలో కాదు, మన లెక్కలో దొరకాలి.

గమనిక: ఈ పాఠంలోని ధరలు, కరెంటు రేటు లెక్క నేర్చుకోవడానికి తీసుకున్నవి. మీరు లెక్క వేసేటప్పుడు మీ దుకాణంలో చెప్పిన ధర, మీ బిల్లులోని రేటు వేసుకోండి.

12.2 ఉద్దేశాలు

ఈ పాఠం చదివిన తరువాత మీరు:
• గీజరులో పాడైన భాగం ఏదో లక్షణాలను బట్టి ఊహించగలుగుతారు.
• మరమ్మతుకు, కొత్తదానికి అయ్యే ఖర్చులను ఏడాది చొప్పున పోల్చగలుగుతారు.
• వేడి నీటికి ఎన్ని యూనిట్ల కరెంటు ఖర్చవుతుందో లెక్కించగలుగుతారు.
• ఎక్కడ పొదుపు చేయవచ్చో, ఎక్కడ చేయకూడదో చెప్పగలుగుతారు.

12.3 పాడైనది ఏ భాగం?

గీజరులో ముఖ్యమైన భాగాలు ఐదు.

1. తొట్టి: నీరు నిలిచే లోపలి పాత్ర.
2. ఎలిమెంటు: కరెంటుతో కాలి నీటిని వేడి చేసే కడ్డీ.
3. థర్మోస్టాట్: నీరు తగినంత వేడెక్కగానే కరెంటు ఆపే సాధనం.
4. మెగ్నీషియం కడ్డీ: తొట్టికి పట్టవలసిన తుప్పును తాను తీసుకుని అరిగిపోయే కడ్డీ.
5. సేఫ్టీ వాల్వు: లోపల ఒత్తిడి పెరిగితే నీటిని బయటకు వదిలే కవాటం.

వీటిలో తొట్టి తప్ప మిగిలిన నాలుగూ మార్చుకోదగినవే. తొట్టికి చిల్లు పడితేనే గీజరు నిజంగా "పోయినట్లు". కాబట్టి మొదట అడగవలసిన ప్రశ్న ఒక్కటే: తొట్టి బాగుందా?

లక్షణాలు ఇలా ఉంటాయి.

• దీపం వెలగదు, నీరు వేడెక్కదు: ముందు స్విచ్చి, సాకెట్, ఎం.సి.బి. చూడాలి. చాలాసార్లు లోపం గీజరులో కాక తీగలో ఉంటుంది.
• దీపం వెలుగుతుంది, నీరు వేడెక్కదు: ఎలిమెంటు కాలిపోయి ఉండవచ్చు.
• నీరు మరిగిపోతుంది, ఆవిరి వస్తుంది: థర్మోస్టాట్ చెడిపోయి ఉండవచ్చు. వెంటనే స్విచ్చి ఆపాలి.
• నీరు వేడెక్కడానికి చాలాసేపు పడుతుంది: ఎలిమెంటుకు సున్నపు పొర పట్టి ఉండవచ్చు.
• కుళాయి ముట్టుకుంటే షాకు కొడుతుంది: మెయిన్ ఆపి, ఎలక్ట్రీషియన్ వచ్చేవరకు వాడకూడదు.
• నీటి చుక్కలు పడుతున్నాయి: ఎక్కడి నుంచో జాగ్రత్తగా చూడాలి.

చివరి లక్షణం దగ్గరే చాలామంది మోసపోతారు. నీరు వేడెక్కితే వ్యాకోచిస్తుంది. 15 లీటర్ల నీటిని 20 డిగ్రీల నుంచి 60 డిగ్రీల సెల్సియస్‌కు వేడి చేస్తే దాని పరిమాణం సుమారు పావు లీటరు పెరుగుతుంది. ఆ పెరిగిన నీరు సేఫ్టీ వాల్వు నుంచి చుక్కలుగా రావచ్చు. అది వాల్వు తన పని తాను చేస్తున్నదనడానికి గుర్తు. వేడి చేసేటప్పుడు మాత్రమే వాల్వు నుంచి చుక్కలు పడితే తొట్టికి చిల్లు పడిందని అనుకోవద్దు. స్విచ్చి ఆపి ఉన్నప్పుడు కూడా నీరు కారుతూ ఉంటే వాల్వు చెడిపోయి ఉండవచ్చు. అది మార్చుకోదగిన భాగమే. ఎలిమెంటు బిగించిన చోట కారితే రబ్బరు వాషరు అరిగి ఉండవచ్చు. వాల్వు, వాషరు, పైపు అతుకులు అన్నీ బాగుండి, గీజరు పైతొడుగు లోపలి నుంచి తుప్పు నీరు కారుతుంటే అప్పుడు తొట్టిని అనుమానించాలి.

సున్నపు పొర సంగతి కూడా తెలుసుకోండి. నగరానికి ఉత్తరాన పల్తాలో హుగ్లీ నది నీటిని శుద్ధి చేసి, టాలా ట్యాంకు ద్వారా చాలా ప్రాంతాలకు పంపుతారు. కొన్ని ఇళ్లు, అపార్ట్‌మెంట్లు మాత్రం బోరు నీటి మీద ఆధారపడతాయి. బోరు నీరు కఠినంగా ఉంటే ఎలిమెంటుకు పొర త్వరగా పడుతుంది, మెగ్నీషియం కడ్డీ త్వరగా అరుగుతుంది. అలాంటి నీరు వాడేవారు చలికాలానికి ముందు ఏటా ఒకసారి గీజరు విప్పించి శుభ్రం చేయించడం మంచిది. కడ్డీ చవకైనది, తొట్టి ఖరీదైనది. చవకైనది సకాలంలో మార్చితే ఖరీదైనది నిలుస్తుంది.

పాఠగత ప్రశ్నలు 12.1

1. గీజరులో ఏ భాగం పాడైతే కొత్తది కొనక తప్పదు?
2. వేడి చేసేటప్పుడు సేఫ్టీ వాల్వు నుంచి చుక్కలు ఎందుకు పడతాయి?
3. మెగ్నీషియం కడ్డీ ఉపయోగం ఏమిటి?

12.4 కొత్తదానికి మొత్తం ఎంత?

దుకాణంలో గోడకు వేలాడుతున్న ధర చీటీ చూసి "ఎనిమిది వేలేగా!" అనుకుంటాం. కాని ఇంటికి వచ్చి వేడి నీళ్లు పడేసరికి ఖర్చు ఎనిమిది వేల దగ్గర ఆగదు. మన ఉదాహరణ కుటుంబం లెక్క చూడండి.

15 లీటర్ల గీజరు ధర: 8,000 రూపాయలు
పాతది విప్పి కొత్తది బిగించే కూలి: 600 రూపాయలు
కలిపే పైపులు, వాల్వు: 400 రూపాయలు
16 ఆంపియర్ల సాకెట్, తీగ, ఎం.సి.బి.: 1,200 రూపాయలు
మొత్తం: 10,200 రూపాయలు
పాత గీజరుకు తగ్గించినది: 500 రూపాయలు
చేతి నుంచి పోయేది: 9,700 రూపాయలు

ధర చీటీ కంటే 1,700 రూపాయలు ఎక్కువైంది. అందుకే కొనే ముందు దుకాణదారుని ఈ ప్రశ్నలు అడగండి: బిగించడం ధరలో కలిసి ఉందా? పైపులు, వాల్వు పెట్టెలో ఉన్నాయా? పాతదానికి ఎంత తగ్గిస్తారు? ఇంటికి చేర్చడానికి వేరే డబ్బు తీసుకుంటారా?

పన్ను గురించి ఒక మాట. 2018 జూలైలో కరెంటు గీజర్ల మీద జి.ఎస్.టి.ని 28 శాతం నుంచి 18 శాతానికి తగ్గించారు. పెట్టె మీద అచ్చువేసిన ఎం.ఆర్.పి.లో పన్నులన్నీ కలిసే ఉంటాయి. దాని మీద మళ్లీ "పన్ను వేరు" అని ఎవరైనా అడిగితే ఇవ్వనక్కరలేదు. ఎం.ఆర్.పి. గరిష్ఠ ధర మాత్రమే. అంతకన్నా తక్కువకు బేరమాడవచ్చు. కోల్‌కతాలో చాందినీ చౌక్, ఎజ్రా స్ట్రీట్ కరెంటు సామాన్ల దుకాణాలకు పేరుపడ్డవి. రెండు మూడు దుకాణాల్లో ధర అడిగి, కాగితం మీద రాసుకుని, అప్పుడు నిర్ణయించండి.

బిల్లు తప్పక తీసుకోండి. "బిల్లు లేకుండా అయితే తగ్గిస్తాం" అన్న మాటకు లొంగవద్దు. బిల్లు లేకపోతే వారంటీ నిలబడదు. వారంటీ కాగితం చదివేటప్పుడు తొట్టికి ఎన్నేళ్లు, ఎలిమెంటుకు ఎన్నేళ్లు, మిగతా భాగాలకు ఎన్నేళ్లు అని విడివిడిగా చూడండి. పెద్ద అక్షరాల్లో కనిపించే సంవత్సరాలు తరచుగా తొట్టికి మాత్రమే వర్తిస్తాయి. తగాదా వస్తే జాతీయ వినియోగదారుల సహాయ కేంద్రానికి 1915 నంబరుకు ఫోను చేయవచ్చు. 2019 నాటి వినియోగదారుల రక్షణ చట్టం కింద ఫిర్యాదు చేసే హక్కు కూడా మీకుంది.

12.5 బాగు చేయించాలా? కొత్తది కొనాలా?

రెండు ఖర్చులను పోల్చాలంటే రెండింటినీ ఒకే కొలతకు తేవాలి. ఆ కొలత "ఏడాదికి ఎంత" అన్నది.

సూత్రం: ఏడాది ఖర్చు = మొత్తం ఖర్చు ÷ పనిచేసే సంవత్సరాలు

కొత్త గీజరు 8 ఏళ్లు పనిచేస్తుందనుకుందాం.
9,700 ÷ 8 = ఏడాదికి 1,212 రూపాయల 50 పైసలు.

పాతదానికి ఎలిమెంటు, థర్మోస్టాట్ మార్చడానికి కూలితో కలిపి 1,800 రూపాయలు అడిగారనుకుందాం. తొట్టి బాగుంది, మరో 3 ఏళ్లు వస్తుందనుకుంటే:
1,800 ÷ 3 = ఏడాదికి 600 రూపాయలు.
ఇక్కడ మరమ్మతే లాభం.

తొట్టి పాతబడింది, ఏడాది కంటే రాదు అనుకుంటే:
1,800 ÷ 1 = ఏడాదికి 1,800 రూపాయలు.
ఇక్కడ కొత్తది కొనడమే మేలు.

చూశారా? అదే 1,800 రూపాయలు ఒకచోట పొదుపు, మరొకచోట దండగ. తేడా తెచ్చింది తొట్టి ఆయుష్షు. పై లెక్క ప్రకారం, మరమ్మతు తరువాత గీజరు సుమారు ఏడాదిన్నర కంటే ఎక్కువ పనిచేస్తే మరమ్మతు గిట్టుబాటవుతుంది. కాబట్టి మిస్త్రీని "ఎంతవుతుంది?" అని మాత్రమే అడగకండి. "తొట్టి ఎలా ఉంది? విప్పి చూపించు బాబూ!" అని అడగండి. మెగ్నీషియం కడ్డీ బయటకు తీయించి చూడండి. కడ్డీ పూర్తిగా అరిగిపోయి చాలాకాలమై ఉంటే తుప్పు తొట్టిని పట్టి ఉండే అవకాశం ఎక్కువ.

అద్దె ఇంట్లో ఉండేవారికి ఇంకో లెక్క ఉంది. గీజరు ఎవరిది? ఇంటి యజమానిదైతే మార్చే ఖర్చు ఎవరు భరించాలో ముందే మాట్లాడుకోవాలి. మీరే కొంటే ఇల్లు మారేటప్పుడు గీజరును తీసుకుపోగలరు. గోడలో వేసిన తీగను, సాకెట్‌ను తీసుకుపోలేరు. మన ఉదాహరణలో ఆ 1,200 రూపాయలు ఇంటికే మిగులుతాయి. కాబట్టి తీగ పని ఖర్చు యజమాని పెట్టుకోవాలని, లేదా అద్దెలో తగ్గించాలని అడగడం న్యాయమే. ఒప్పుకున్నది ఏదైనా కాగితం మీద రాసుకోండి.

పాఠగత ప్రశ్నలు 12.2

1. 2,400 రూపాయల మరమ్మతుతో గీజరు 4 ఏళ్లు వస్తే ఏడాది ఖర్చెంత?
2. ఎం.ఆర్.పి. మీద పన్ను విడిగా అడగవచ్చా?

12.6 కరెంటు ఖర్చు

గీజరు కొన్న తరువాత కూడా ఖర్చు ఆగదు. అది ప్రతినెలా బిల్లులో వస్తూనే ఉంటుంది. దీన్ని లెక్కించడానికి రెండు విషయాలు తెలిస్తే చాలు.

• ఒక లీటరు నీటిని ఒక డిగ్రీ వేడి చేయడానికి 4.2 కిలోజౌళ్ల శక్తి కావాలి.
• ఒక యూనిట్ కరెంటు అంటే 3,600 కిలోజౌళ్లు.

చలికాలంలో నీరు 20 డిగ్రీలు ఉందనుకుందాం. స్నానానికి 40 డిగ్రీలు చాలు. అంటే 20 డిగ్రీలు పెంచాలి. మనిషికి 15 లీటర్ల బకెట్ చొప్పున నలుగురికి 60 లీటర్లు.

60 × 4.2 × 20 = 5,040 కిలోజౌళ్లు
5,040 ÷ 3,600 = రోజుకు 1.4 యూనిట్లు
1.4 × 90 రోజులు = 126 యూనిట్లు
యూనిట్‌కు 8 రూపాయలనుకుంటే 126 × 8 = ఏడాదికి 1,008 రూపాయలు

కోల్‌కతాలో ఎక్కువ ప్రాంతాలకు కరెంటు ఇచ్చేది సి.ఇ.ఎస్.సి. సంస్థ. ఇళ్ల బిల్లులో మొదటి కొన్ని యూనిట్లకు తక్కువ రేటు, వాడకం పెరిగేకొద్దీ ఎక్కువ రేటు ఉంటాయి. గీజరు యూనిట్లు మీ మామూలు వాడకం మీద అదనంగా చేరతాయి. కాబట్టి లెక్కలో సగటు రేటు కాక, మీ బిల్లులో చివరి మెట్టుకు పడిన రేటు వేసుకోండి.

మరి ఎంత పెద్ద గీజరు కొనాలి? 15 లీటర్ల తొట్టిలోని 60 డిగ్రీల నీటిలో 20 డిగ్రీల నీరు అంతే కలిపితే 40 డిగ్రీల నీరు 30 లీటర్లు వస్తుంది. అంటే ఇద్దరి స్నానానికి సరిపోతుంది. 2 కిలోవాట్ల గీజరుకు ఆ 15 లీటర్లు వేడెక్కడానికి 21 నిమిషాలు పడుతుంది. నలుగురు ఇద్దరిద్దరుగా కొంత వ్యవధితో స్నానం చేస్తే 15 లీటర్లదే చాలు. అందరూ ఒకేసారి బడికీ ఆఫీసుకూ పరుగెత్తే ఇంట్లో 25 లీటర్లది కావలసి రావచ్చు. ఇరుగుపొరుగు పెద్దది కొన్నారని మనమూ కొనవద్దు. వాడకుండా తొట్టిలో మిగిలిన వేడి నీరు చల్లారిపోతుంది. దానికి పెట్టిన కరెంటు వృథా.

12.7 నక్షత్రాల గుర్తు ఏమి చెబుతుంది?

కేంద్ర ప్రభుత్వానికి చెందిన ఇంధన సామర్థ్య సంస్థ 2006లో కరెంటు వస్తువులకు నక్షత్రాల గుర్తు ప్రవేశపెట్టింది. గీజరు మీద కూడా ఆ గుర్తు కనిపిస్తుంది. ఐదు నక్షత్రాలుంటే నీరు తక్కువ కరెంటుతో వేడెక్కుతుందని చాలామంది అనుకుంటారు. అది సరికాదు. అంతే నీటిని అంతే వేడి చేయడానికి ఏ గీజరుకైనా దాదాపు అంతే కరెంటు కావాలి. నక్షత్రాలు చెప్పేది వేరు: వేడెక్కిన నీరు తొట్టిలో ఊరికే ఉన్నప్పుడు ఎంత వేడి బయటకు పోతుందన్నది.

రోజంతా స్విచ్చి వేసి ఉంచితే ఒక గీజరుకు రోజుకు 0.8 యూనిట్, మంచి గీజరుకు 0.5 యూనిట్ వృథా అవుతుందనుకుందాం. తేడా 0.3 యూనిట్. 90 రోజులకు 27 యూనిట్లు, అంటే 216 రూపాయలు. మంచిదానికి 1,200 రూపాయలు ఎక్కువ పెడితే అది తిరిగి రావడానికి అయిదున్నరేళ్లు పడుతుంది.

ఇప్పుడు ఇంకో దారి చూడండి. స్నానానికి అరగంట ముందు స్విచ్చి వేసి, స్నానం కాగానే ఆపేస్తే ఆ వృథాలో ఎక్కువ భాగం అసలు జరగదు. మొదటి గీజరుకు రోజుకు 0.8 చొప్పున 90 రోజులకు 72 యూనిట్లు, అంటే 576 రూపాయలు. ఇందులో ఎక్కువ భాగాన్ని పైసా ఖర్చు లేకుండా మిగుల్చుకోవచ్చు. ఏడాది పొడవునా చలి ఉండే డార్జిలింగ్ వంటి చోట నక్షత్రాల విలువ ఎక్కువ. మూడు నెలలే వాడే కోల్‌కతాలో స్విచ్చి ఆపే అలవాటు విలువ ఎక్కువ.

12.8 పొదుపు చేయకూడని చోట్లు

గీజరు దగ్గర నీరు, కరెంటు పక్కపక్కనే ఉంటాయి. ఇక్కడ మిగిల్చిన వంద రూపాయలు ప్రాణం మీదికి తేవచ్చు.

• 2 కిలోవాట్ల గీజరు 230 వోల్టుల దగ్గర సుమారు 8.7 ఆంపియర్ల కరెంటు లాగుతుంది. ఫంకా, దీపాలకు వాడే 6 ఆంపియర్ల సాకెట్ దానికి పనికిరాదు, వేడెక్కి కాలిపోతుంది. 16 ఆంపియర్ల సాకెట్ ఉండాలి.
• ఎర్త్ తీగ తప్పనిసరి. మూడు కాళ్ల ప్లగ్గు ఉన్నంత మాత్రాన ఎర్త్ ఉన్నట్లు కాదు. పాత ఇళ్లలో పరీక్ష చేయించాలి.
• ఎం.సి.బి. తీగను కాపాడుతుంది. మనిషిని షాకు నుంచి కాపాడేది 30 మిల్లీఆంపియర్ల ఆర్.సి.సి.బి. రెండూ ఒకటి కావు.
• గీజరు మీద ఐ.ఎస్.ఐ. గుర్తు ఉండి తీరాలి. తొట్టి ఉన్న గీజర్ల ప్రమాణం సంఖ్య ఐ.ఎస్. 2082.
• చుక్కలు పడుతున్నాయని సేఫ్టీ వాల్వును ఎన్నడూ మూసివేయవద్దు. థర్మోస్టాట్ చెడిన రోజున తొట్టి పేలిపోకుండా ఆపేది అదే.
• వేడి నీటికి మామూలు పి.వి.సి. పైపు వేయవద్దు, వేడికి మెత్తబడుతుంది.
• గాలి రాని స్నానాల గదిలో గ్యాసు గీజరు పెట్టవద్దు. కార్బన్ మోనాక్సైడుకు వాసన ఉండదు. మనిషి తెలియకుండానే స్పృహ తప్పుతాడు.
• కొత్తది కొనేవరకు ఇమ్మర్షన్ రాడ్ వాడేవారు ప్లగ్గు ఊడదీసిన తరువాతే నీటిలో చేయి పెట్టాలి. పిల్లలున్న ఇంట్లో బకెట్ దగ్గర మనిషి ఉండాలి.

12.9 మీరు నేర్చుకున్నవి

• తొట్టి బాగుంటే గీజరు చాలావరకు బాగుపడుతుంది.
• కొత్తదాని ఖర్చు అంటే ధర, బిగింపు, పైపులు, తీగ పని అన్నీ కలిపి.
• మరమ్మతును, కొత్తదానిని ఏడాది ఖర్చుతో పోల్చాలి.
• నక్షత్రాలు నిలవ ఉన్నప్పుడు పోయే వేడిని తెలుపుతాయి. స్విచ్చి ఆపే అలవాటు ఆ వృథాను చాలావరకు ఆపుతుంది.
• సాకెట్, ఎర్త్, వాల్వు దగ్గర పొదుపు పనికిరాదు.

12.10 పాఠాంత ప్రశ్నలు

1. ఐదుగురున్న ఇంట్లో మనిషికి 15 లీటర్ల చొప్పున నీటిని 20 డిగ్రీల నుంచి 40 డిగ్రీలకు 100 రోజులు వేడి చేస్తే, యూనిట్‌కు 8 రూపాయల చొప్పున ఖర్చెంత?
2. కొత్త గీజరుకు మొత్తం 12,000 రూపాయలు, ఆయుష్షు 8 ఏళ్లు. పాతదాని మరమ్మతు 2,000 రూపాయలు, మరో 2 ఏళ్లు వస్తుంది. ఏది లాభం?
3. మీ ఇంటి కరెంటు బిల్లు తీసి, చివరి మెట్టు రేటు ఎంతో రాయండి.
4. మీరు ఉంటున్న అద్దె ఇంట్లో గీజరు పాడైంది. ఖర్చు ఎవరు ఎంత పెట్టుకోవాలో యజమానితో ఎలా మాట్లాడాలనుకుంటున్నారో వివరిస్తూ ఊళ్లో ఉన్న మీ అన్నయ్యకు పది వాక్యాల ఉత్తరం రాయండి.

12.11 జవాబులు

పాఠగత ప్రశ్నలు 12.1: 1. తొట్టి. 2. వేడెక్కిన నీరు వ్యాకోచించి, పెరిగిన నీరు వాల్వు నుంచి బయటకు వస్తుంది కాబట్టి. 3. తాను అరిగి తొట్టిని తుప్పు నుంచి కాపాడుతుంది.

పాఠగత ప్రశ్నలు 12.2: 1. 600 రూపాయలు. 2. అడగకూడదు; ఎం.ఆర్.పి.లో పన్నులన్నీ కలిసే ఉంటాయి.

పాఠాంత ప్రశ్నలు: 1. రోజుకు 1.75 యూనిట్లు, 100 రోజులకు 175 యూనిట్లు, 1,400 రూపాయలు. 2. కొత్తదానికి ఏడాదికి 1,500, మరమ్మతుకు ఏడాదికి 1,000 రూపాయలు, మరమ్మతే లాభం. 3, 4 ప్రశ్నలకు జవాబులు మీరే రాసి, మీ అధ్యయన కేంద్రంలోని ఉపాధ్యాయులకు చూపించండి.